కాయ తడిపే వేళ

యాదమ్మ రొట్టె కొడుతోంది. జొన్నపిండి ముద్ద ఆమె అరచేతి కింద తిరుగుతూ, టపటపమని చప్పుడు చేస్తూ, పీట అంచుల దాకా సాగుతోంది. పక్కనే కూతురు ఉమ కాళ్లు చాపుకుని తడిగుడ్డ కింద నుంచి పల్లికాయలు ఒక్కొక్కటే తీసి ఒలుస్తోంది. చట్నీకి రెండు గుప్పెళ్లు చాలు. ఎప్పుడో అయిపోయాయి. అయినా ఆమె వేళ్లు ఆగడం లేదు.

"చట్నీకి ఒలుస్తున్నవా, పెండ్లికి ఒలుస్తున్నవా?" అంది యాదమ్మ.

"బద్దలు ఎన్ని పడతయో చూస్తున్ననవ్వా."

"ఎన్ని పడ్డయి?"

"యాభైకి ఒక్కటి."

"నీ వేళ్లకు ఒక్కటే పడతది. మిషన్‌కు వేళ్లుంటయా?" అని యాదమ్మ రొట్టెను పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసింది. "తిను ముందు. గుండె ధైర్యంగ ఉండాలంటే కడుపు నిండాలె."

శుక్రవారం నుంచి ఆ ఇంట్లో ఇదే మాట. యాదమ్మ పనిచేసేది బాలకిష్టయ్య పల్లికాయ మిల్లులో. వనపర్తి దాటి పెబ్బేరు రోడ్డు మీద ఉంటుంది. బాలకిష్టయ్యది సేద్యం చేసుకునే కుటుంబమే. మిల్లు పెట్టిన నాటి నుంచి మాత్రం అందరికీ ఆయన సేటు. అక్కడ మిషన్ కాయను ఒలుస్తుంది. వచ్చిన గింజల్లోంచి పుచ్చువి, బూజు పట్టినవి, బద్దలైనవి ముప్పై మంది ఆడవాళ్లు చాటలు పెట్టుకుని ఏరుతారు. యాదమ్మ వాళ్లలో ఒకతె. ఉమ గేటు దగ్గర వచ్చే సంచులు, పోయే సంచులు రాస్తుంది.

కొత్త మీటరు పెట్టాక సేటు కొడుకు శ్రవణ్ కుమార్ ఒక సంగతి కనిపెట్టాడు. మిల్లుకు కరెంటు ధర రోజంతా ఒకటి కాదు. పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా యూనిట్ ధర ఎక్కువ. రాత్రి పది దాటితే బాగా తక్కువ. వీళ్ల మిషనేమో సరిగ్గా పొద్దున ఆరింటికే మొదలవుతుంది. అందుకని సోమవారం నుంచి మిల్లు రాత్రిపూటే నడపాలని అతను తేల్చేశాడు. రాత్రి ఆడవాళ్లు రాలేరు కాబట్టి ఏరడానికి బయటి నుంచి మగవాళ్లు వస్తారు. ముప్పై మందీ ఇళ్లకు పోవాలి.

నోరు తెరిచి మాట్లాడని ఉమ శుక్రవారం ఆఫీసు గదిలో ఒక్క మాట అడిగింది. "పదింటికి మొదలుపెడితే ఏమయితది సారూ?"

కాదని చెప్పింది శ్రవణ్ కాదు, మిషన్ నడిపే తిరుపతి. తడపని కాయ మిషన్లో పడితే తొక్కతోపాటు గింజ కూడా రెండు బద్దలవుతుంది. అందుకే ముందురోజు సాయంత్రం కాయ మీద నీళ్లు చల్లి, కప్పిపెట్టి పోతారు. రాత్రంతా నానిన కాయ ఆరింటికల్లా మిషన్లో పడాల్సిందే, పది దాకా ఆగితే గింజ మెత్తబడి నలిగిపోతుంది. తిరుపతి చేరిన ఈ పద్దెనిమిదేళ్లూ అలాగే జరుగుతోంది.

ఆ సాయంత్రమే యాదమ్మ ఇంట్లో నాలుగు కాయల మీద నీళ్లు చిలకరించి, గుడ్డ కప్పి, చాయ్ తాగి వచ్చి ఒలవడం మొదలుపెట్టింది. "రాత్రంత నానబెట్టవా అవ్వా?" అని ఉమ అడిగితే, "నీకేమన్న పిచ్చా?" అంది. ఉమ ఆ మాట పట్టుకుని శనివారం సేటు దగ్గరికి పోయింది. సేటు చాలాసేపు మీసం దువ్వుకుని, "రేపు ఆదివారం. పది సంచులు తీసుకో. ఎప్పటిలెక్క గింజ వస్తే నీ మాట. రాకుంటే మావాని మాట" అన్నాడు.

ఇప్పుడు, ఆదివారం పొద్దున, ఉమ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. రొట్టె అయ్యేదాకా మళ్లీ కాయ ముట్టలేదు.

*

వాళ్లిద్దరూ పోయేసరికి మిల్లు గేటు బయట జాతరలా ఉంది. ముప్పై మందీ వచ్చేశారు. కొందరు ఆదివారం కదా అని తలస్నానం చేసి, పూలు కూడా పెట్టుకున్నారు.

సేటు గేటు తీస్తూ ఆశ్చర్యపోయాడు. "సీజన్ల ఆదివారం రమ్మని బతిమాలితే ఒక్కతి రాలే. ఈరోజు ఎవరు పిలిచిన్రు మిమ్మల్ని?"

"పనికి రాలే సేటూ, తమాషా చూడనీకి వచ్చినం," అంది రంగమ్మ. ఏరే ఆడవాళ్లందరికీ పెద్ద ఆమె. పొట్టి మనిషి, పెద్ద గొంతు. "టికెట్ ఉంటే చెప్పు, కొంటం."

తిరుపతి అప్పటికే పది సంచుల కాయను సిమెంటు కల్లం మీద కుప్ప పోసి ఉంచాడు. తొమ్మిదింటికి నీళ్లు చల్లి, రోజూ సాయంత్రం కప్పినట్టే పైన టార్పాలిన్ కప్పాడు. అంచుల మీద రాళ్లు పెడుతూ, "చూడు ఉమా, నేనైతే నీ మీద కోపంగ లేను. మిషన్ కోపం చేస్తే నన్ను అనొద్దు" అన్నాడు.

"అనను తిరుపతన్నా."

"గింజ నలిగితే నేనేం చేస్త?"

"నువ్వు రాళ్లు పెట్టు ముందు," అని రంగమ్మ కసిరింది. "పిల్లకు ఇప్పటికే పరేషాన్."

పరేషానే. ఉమ కుప్ప చుట్టూ తిరుగుతోంది, ఆగుతోంది, మళ్లీ తిరుగుతోంది. మార్చి ఎండ తొమ్మిదిన్నరకే సిమెంటు మీద చెప్పుల్లోంచి కాలుతోంది. నీడలో కూర్చున్న ముప్పై మంది మాటలు ఆమెకు వినిపిస్తున్నాయి. ఈ పని పోతే ఎక్కడికి పోవాలో, పత్తి ఏరడానికి ఇంకా ఎన్ని నెలలుందో, ఎవరి కోడలు ఏమందో. మధ్యమధ్య నవ్వులు. తను ఒక్కతి ఊరుకుని ఉంటే వీళ్లు ఇలా ఆశపడి వచ్చేవాళ్లు కాదేమో అనిపించింది.

శ్రవణ్ కుమార్ ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. లెక్కలంటే ప్రాణం, మనుషులంటే కొంచెం సిగ్గు. "పదయింది. ఇప్పటి నుంచి మామూలు ధర. మొదలుపెట్టు తిరుపతన్నా."

మిషన్ ఊపిరి తీసుకున్నట్టు ఒకసారి ఊగి, గరగరమని అందుకుంది. ఒక పక్క తొక్క గాలికి ఎగిరి కుప్పపడుతోంది. ఇంకో పక్క గింజలు జారుతున్నాయి. రంగమ్మ చాట పట్టి వంద గింజలు లెక్కపెట్టి కింద పోసింది. అందరూ వంగారు.

పదిహేడు బద్దలు. రోజూ ఎనిమిది, మహా అయితే తొమ్మిది.

అందరూ నడుములెత్తి నిలబడ్డారు. తిరుపతి 'చెప్పిన గద' అని దెప్పలేదు. మిషన్ ఆపేసి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. శ్రవణ్ ఉమ మొహం చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సేటు నిట్టూర్చి, "సరే బిడ్డా. చూసినం గద" అన్నాడు మెల్లగా.

ఉమ మిగిలిన కుప్ప దగ్గరికి పోయి, టార్పాలిన్ ఎత్తి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"అత్తా, జర ఇట్ల రా," అని పిలిచింది రంగమ్మను. "పైన చూడు, లోపల చూడు."

రంగమ్మ కూడా చెయ్యి పెట్టింది. లోపలి కాయ చల్లగా, తడిగా ఉంది. పైనది పెళపెళలాడుతోంది. టార్పాలిన్ కింద ఎండ వేడికి మీది పొర మొత్తం ఎండిపోయింది.

"ఓరి తిరుపతీ!" అని రంగమ్మ అరిచింది. "రాత్రి కప్పినట్లు కప్పినవేందిరా? రాత్రిపూట ఎండ ఉంటదా?"

"నాకు వచ్చింది గదేనక్కా!"

"తియ్, తియ్ దాన్ని అవతలికి. గోనెలు తెండి పిల్లలూ. నీళ్లల్ల ముంచి తెండి."

ముప్పై మంది ఒక్కసారి లేచారు. ఒకామె కొంగు దోపుకుంది, ఒకామె పూలు తీసి భద్రంగా గోడ మీద పెట్టింది. తొట్టిలో గోనె సంచులు ముంచి, నలుగురు నాలుగు మూలలా పట్టుకుని తెచ్చారు. కాయను పారతో కిందిది మీదికి తిరగేశారు. తిరగేస్తూ నీళ్లు చల్లారు. తడి గోనెలు కప్పారు. సేటు అడ్డం రాలేదు. శ్రవణ్ అయితే తెల్ల చొక్కా మీద నీళ్లు పడుతున్నా కుప్ప పక్కనే నిలబడి, "ఎంతసేపు ఉంచాలె?" అని అడిగాడు.

"చాయ్ తాగేంత సేపు," అంది యాదమ్మ.

"చాయ్ ఎంతసేపు తాగుతరు?"

"నువ్వు తెప్పిస్తే గంటసేపు తాగుతం చిన్నసేటూ!"

నవ్వులతో కల్లం మోగిపోయింది. శ్రవణ్ చెవులు ఎర్రబడ్డాయి. చాయ్ తెప్పించాడు. మధ్యలో ఒకసారి ఉమ, రంగమ్మ కలిసి కుప్పను మళ్లీ తిరగేశారు. పదకొండు దాటాక తిరుపతి మిషన్ మీద చెయ్యేసి, ఎవరికీ వినబడకుండా ఏదో మొక్కుకుని, స్విచ్ వేశాడు.

ఈసారి చాట ఉమే పట్టింది. వంద గింజలు. లెక్కపెట్టింది రంగమ్మ. మొదటిసారి లెక్కపెట్టి నోరు మూసుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఎంతక్కా?" అన్నాడు తిరుపతి ఆగలేక.

"ఏడు!"

ఆ తర్వాత ఎవరేమన్నారో ఎవరికీ వినపడలేదు. యాదమ్మ కూతురి తల పట్టుకుని నుదురు ముద్దాడింది, చేతికున్న తొక్క దుమ్మంతా ఉమ జుట్టుకు అంటింది. ఒకామె రంగమ్మ చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది. వెనక నుంచి ఎవరో చాట మీద దరువు వేయడం మొదలుపెట్టారు.

*

"సరే, ఒక్కటి చెప్పున్రి," అంది రంగమ్మ ఆయాసం తీర్చుకుంటూ. "రెండు గంటలు నానితే సాలేదానికి రాత్రంత ఎందుకు నానబెడుతున్నం?"

"మా పద్ధతి గదే," అన్నాడు తిరుపతి.

"ఎవడు చెప్పిండు నీకు?"

"నాకు ముందున్న మిషనాయన చెప్పిండు."

"ఆయనకు?"

తిరుపతి సేటు వైపు చూశాడు. అందరూ చూశారు. సేటు గోనె సంచుల బొంత మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఉమ భయపడింది. నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా మొదలై, దగ్గు దాకా పోయింది.

"నేనేరా చెప్పింది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "కరెంటు కోతల కాలం యాదికుందా? మన లైనుకు పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకే కరెంటు. తర్వాత ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. ఆ నాలుగు గంటల్ల ఒలిస్తే ఒలిసినట్లు, లేకుంటే లేదు. ఆరింటికి కాయ తయారుగుండాలంటే ఏం చేస్త? పొద్దుమూకంగనే తడిపి పెట్టిచ్చిన. కోతలు పోయినయి, పదేండ్లు దాటింది. తడుపుడు మాత్రం పోలే."

"మరి నాకు చెప్పరా సేటూ?" అన్నాడు తిరుపతి.

"నువ్వడగలే గద."

"మీరు చెప్తేనే గద అడిగేది! పద్దెనిమిదేండ్లు నాలుగింటికి లేస్తున్న నేను! మా ఆమె రోజు తిడుతది!"

"ఇంటికి పోయి చెప్పకు," అంది రంగమ్మ. "ఇంకింత తిడుతది."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో శ్రవణ్ కూడా ఉన్నాడు. ఒకప్పుడు కరెంటు ఉన్నదే ఆ నాలుగు గంటలు, ఇప్పుడు అన్నిటికంటే ఖరీదైనవి కూడా అవే. అది అతనికి లెక్కల పుస్తకంలో దొరకని తమాషాలా అనిపించినట్టుంది, తనలో తనే ఒకటి రెండుసార్లు తలూపుకున్నాడు. కానీ అంత తేలిగ్గా వదలలేదు.

"పదింటి నుంచి ఆరింటి దాకా నడిపితే ఖరీదు వేళలు రెండూ తప్పుతయి, నిజమే. కానీ రాత్రి ఇంకా తక్కువ ధర. ఆ తేడా సంగతేంది?"

ఉమ రంగమ్మ వైపు చూసింది.  రంగమ్మ చాటలోంచి రెండు గింజలు తీసి, అతన్ని చెయ్యి పట్టుకుని షెడ్డు లోపలికి, ట్యూబులైటు కిందికి లాక్కుపోయింది.

"చూడు చిన్నసేటూ. దీంట్ల బూజుదేది?"

శ్రవణ్ రెండింటినీ అటూ ఇటూ తిప్పాడు. కళ్లద్దాలు తీసి చూశాడు. పెట్టుకుని చూశాడు. "ఇది."

"అది మంచిది. రా బయటికి."

ఎండలోకి వచ్చాక ఆమె మళ్లీ అరచెయ్యి చాపింది. రెండో గింజ మొన దగ్గర పసుపు కలిసిన పచ్చని మచ్చ, సూది మొనంత. లైటు కింద అది లేనేలేదు.

"ఒక్క సంచిల గిట్లాంటివి పది కనబడితే కొనేటోడు లారీ మొత్తం వాపస్ పంపుతడు. పోయినేడు పంపలే? రాత్రి ఏరితే గిదే అవుతది. మాకు దీపం వద్దు, సూర్యుడు కావాలె. ఆయన మీటరు పెట్టడు."

శ్రవణ్ ఆ గింజను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నవ్వేశాడు. సిగ్గు లేని నవ్వు. ఉమ అతను అలా నవ్వడం అంతకుముందు చూడలేదు.

"ఒప్పుకున్న. సుద్దముక్క ఇవ్వండి ఎవరన్న."

షెడ్డు తలుపు మీద అతనే రాశాడు. ఎనిమిదింటికి కాయ తడపడం, తడి గోనెలు, మధ్యలో ఒకసారి తిరగేయడం. ఎనిమిది నుంచి పది దాకా నిన్నటి గింజల ఏరివేత, దానికి కరెంటే అక్కర్లేదు. పదింటికి మిషన్. సాయంత్రం ఆరుకు బంద్. ఎనిమిది అని రాయగానే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ చీకట్లో లేచి, అన్నం వండకుండానే పరుగెత్తుకు వచ్చినవాళ్లు. ఇంక పిల్లలకు జడ వేసి బడికి పంపి రావచ్చు.

"మా మనవరాలికి జడ ఎట్లేస్తరో మర్చిపోయిన," అంది రంగమ్మ. ఈసారి ఆమె గొంతు చిన్నగా ఉంది.

*

మిల్లు వెనకే సేటు ఇల్లు. నలుగురినీ అన్నానికి రమ్మని పట్టుబట్టాడు. ఉమ, యాదమ్మ, రంగమ్మ, తిరుపతి వరండాలో వరసగా కూర్చున్నారు. సేటు భార్య జయశ్రీ పప్పు, మామిడికాయ తొక్కు వడ్డిస్తూ, "ఇన్ని రోజులు నేను గూడ నాలుగింటికే లేచి ఈయనకు చాయ్ పెట్టిన. ఎందుకో ఈరోజు తెలిసింది" అని మొగుడి వైపు చూసింది. సేటు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"ఉమా, రేపటి నుంచి గేటు కాడ వద్దు," అన్నాడు కాసేపటికి. "ఏ వేళకు ఏం నడవాలో నువ్వు చూసుకో. వీనికి లెక్క తెలుసు, నీకు కాయ తెలుసు. ఇద్దరు కూసోని రాసుకోండి. ఏమంటవురా?"

శ్రవణ్ తలూపాడు. అంతవరకూ బాగానే మాట్లాడినవాడు, ఇంటికి వచ్చినప్పటి నుంచి మాటలు తగ్గించేశాడు. అతని పళ్లెంలో అన్నం కలిపినట్టే ఉంది. యాదమ్మ గర్వంతో కూతురి వైపు చూస్తూ ఉండటంతో అది గమనించలేదు. ఉమ గమనించింది.

అతని ఫోన్ మోగింది. అరుగు మీద ఉంది. అతను కదలలేదు. రెండోసారి మోగింది. జయశ్రీ, కొడుకు చెయ్యి ఎంగిలి కదా అని, తనే నొక్కి స్పీకర్ పెట్టి అతని ముందుంచింది.

"అన్నా, నమస్తే! కూలోళ్ల మేస్త్రీని," ఫోన్లోంచి హుషారైన గొంతు, వెనక బస్సు చప్పుడు. "ఇరవై ఇద్దరం రాయచూరు దాటినం. ఆరింటికల్లా మీ మిల్లు కాడ దిగుతం. మొన్న మీరు ఖాయం అన్నంక చేతిలున్న పని వదిలేసి వస్తున్నరన్నా పిలగాండ్లు. ఆ ఏరే ఆడోళ్ల షెడ్డు ఖాళీ చేయిస్తనంటిరి గద, అయ్యిందా? సామాన్లు అండ్లనే పెట్టుకుంటం."

రంగమ్మ చెయ్యి పళ్లెం మీద ఆగిపోయింది.

"ఎవర్ని రమ్మన్నవురా?" అన్నాడు సేటు. "ఆదివారం దాక ఆగుతమని మాట ఇచ్చినం గద ఈ పిల్లకు. నాకు చెప్పకుండ ఎప్పుడు ఖాయం చేసినవు?"

శ్రవణ్ ఉమ వైపు చూశాడు.  లేచి, చెయ్యి కడుక్కుని, కొక్కేనికున్న బండి తాళం తీసుకున్నాడు. తల్లి "అన్నం రా..." అంటున్నా ఆగకుండా చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. బండి స్టార్టయింది. మిల్లు వైపు మలుపు తిరుగుతుందని అందరూ చెవులు పెట్టి విన్నారు. తిరగలేదు. ఆ చప్పుడు రాయచూరు బస్సులు వచ్చే గద్వాల దారి వైపు సన్నబడుతూ పోయింది.

అరుగు మీద ఫోన్ అలాగే ఉంది. "హలో? అన్నా? షెడ్డు ఖాళీయేనా?" అని మేస్త్రీ అడుగుతూనే ఉన్నాడు.